దొరికిన కుక్కపిల్లకి చూపు సరిగ్గా లేదు, ముందు ఏం చేయాలి?

నెలన్నర కుక్కపిల్ల దొరికింది, గోడలకి గుద్దుకుంటోంది, ఒక కంటి మీద తెల్లగా పొరలా ఉంది, మెడికల్ షాపులో ఏ చుక్కలు అడగాలి అన్నారు కదా. ఏ చుక్కలూ అడగొద్దండి. ముందు ఈ ఒక్క మాట వినండి, మిగతాది తర్వాత చదివినా పర్లేదు. నేను ఆ పని చేసి మా కుక్కపిల్ల బుజ్జిగాడి కన్ను పోయేదాకా తెచ్చుకున్నా.

వాడు నాకు వానాకాలంలో దొరికాడు, ఆటోనగర్‌లో లారీ షెడ్ల వెనక సైడు కాలవలో పడి రాత్రంతా ఏడుస్తున్నాడు, అరచేతిలో పట్టేంత ఉన్నాడు. ఇంటికి తెచ్చి పాలు పెడితే వాసన పట్టుకుని గిన్నె దాకా వస్తున్నాడు గానీ దారిలో కుర్చీ కాలికి తగులుతున్నాడు. కుడి కన్ను సగం మూసుకుని నీళ్లు కారుతోంది, కాలితో రుద్దుకుంటున్నాడు, నల్లగుడ్డు మీద బియ్యపు గింజంత తెల్ల మచ్చ. మా అమ్మకి అంతకు ముందు నెలే శుక్లాల ఆపరేషన్ అయింది, మిగిలిన చుక్కల సీసా ఫ్రిజ్‌లో ఉంది, మనుషులకి వేసేవే కదా అని రెండు రోజులు వేశా. మూడో రోజుకి కన్నంతా పాలలా అయిపోయింది, తల ముట్టుకుంటేనే కేకలు పెట్టేశాడు.

అట్టపెట్టెలో పాత టవల్ వేసి, మా తమ్ముడు బండి నడుపుతుంటే నేను వెనక పెట్టె పట్టుకుని గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికి తీసుకెళ్లాం. అక్కడ మేడమ్ గారు మొదట అడిగిందే "కంట్లో ఏమైనా వేశారా?" అని. సీసా చూపిస్తే అందులో యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కూడా ఉందన్నారు. తర్వాత నారింజ రంగు పేపర్ ముక్క ఒకటి కంటికి తాకించి, సెలైన్‌తో కడిగి, లైట్లు తీసేసి నీలం లైట్ వేశారు, కంటి మీద ఆకుపచ్చగా ఒక మరక మెరిసింది. అది పుండు. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొరకి దెబ్బ తగిలి పుండైతే, దాని మీద స్టెరాయిడ్ పడితే మానదు, ఇంకా లోతుకి పోతుంది, చివరికి కన్ను చిల్లు పడొచ్చు అన్నారు. ఆ మాటకి నాకు చేతులు ఆడలేదు.

అందుకే చెప్తున్నా, డాక్టర్ దగ్గరికి వెళ్లాక మీరే అడగండి, "రంగు వేసి పుండు ఉందో లేదో చూస్తారా" అని. అది నిమిషాల్లో అయిపోయే పరీక్ష. అది చూడకుండా చుక్కలు రాసిస్తే ఇంకో చోట కూడా చూపించండి. మీ ఊరు చెప్పలేదు, హైదరాబాద్ అయితే నారాయణగూడలో ప్రభుత్వ పశువుల సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి ఉంది, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఉంది, ఆంధ్రలో గన్నవరం, తిరుపతి కాలేజీల్లో చూస్తారు. పల్లెలో ఉంటే పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేసి కనుక్కోండి, ఎక్కువ గేదెలు ఆవుల కోసమే వస్తారు గానీ దగ్గర్లో డాక్టర్ ఎవరో చెప్తారు. పొద్దున ఓపీ టైమ్‌కి ముందే వెళ్లండి.

వెళ్లేలోపు ఇంట్లో ఏం చేయొచ్చంటే, సెలైన్‌తో తడిపిన దూదితో బయట పుసులు మాత్రం తుడవండి, రెప్ప బలవంతంగా తెరవొద్దు. నందివర్ధనం పూల రసం, చనుబాలు, ఆముదం, పసుపు ఇవేవీ వద్దు, మా అత్తయ్య ప్రేమతోనే చెప్పింది ఇవన్నీ, అయినా వద్దు. చూపు ఉందో లేదో తెలియాలంటే చిన్న దూది ఉండ దాని ముందు పైనుంచి వదలండి, శబ్దం రాదు కాబట్టి కనపడితేనే తల తిప్పుతుంది. కళ్ల ముందు చెయ్యి ఆడిస్తే రెప్ప వేయలేదని గుడ్డిదనుకోవద్దు, ఈ వయసుకి ఆ అలవాటు ఇంకా రాదు. చిన్న కుక్కపిల్లల కళ్లు లేత నీలంగా కనపడటం కూడా మామూలే, ఆ నీలం వేరు, మీరు చెప్పిన తెల్ల పొర వేరు.

ఇంకో విషయం, కన్ను ఒక్కటే చూపించి వచ్చేయకండి. కంటి పుసులతో పాటు ముక్కు కారడం, దగ్గు, విరేచనాలు, దవడ టకటకా ఆడించడం ఉంటే డిస్టెంపర్ (కుక్కల్లో ఒకదాని నుంచి ఒకదానికి అంటుకునే వైరస్ జబ్బు) కావచ్చు, అది కంటి నరాన్ని కూడా దెబ్బ తీస్తుంది, ఇంట్లో వేరే కుక్క ఉంటే వెంటనే విడిగా పెట్టండి. గోమార్లు పట్టి ఉంటే రక్త పరీక్ష అడగండి, వాటివల్ల వచ్చే జ్వరంలో కంటి లోపల వాపు, రక్తం రావడం ఉంటుంది. నులిపురుగుల మందు, టీకాలు ఎప్పుడు మొదలుపెట్టాలో అప్పుడే రాయించుకోండి. మీకు పంటి గాటు పడినా, గీరినా, చిన్న పిల్లే కదా అని వదిలేయొద్దు, కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆ రోజే ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లి రేబిస్ ఇంజెక్షన్ మొదలుపెట్టండి.

మా వాడికి నాలుగు గంటలకోసారి యాంటీబయాటిక్ చుక్కలు, నొప్పి తగ్గడానికి కంటిపాప పెద్దది చేసే ఇంకో చుక్కలు, రుద్దుకోకుండా మెడకి గరాటు లాంటి కాలర్. రాత్రి అలారం పెట్టుకుని లేచేవాళ్లం. టవల్‌లో చుట్టి, వెనక నుంచి పట్టుకుని, తల పైకెత్తి, సీసా మూతి కంటికి తగలకుండా పైనుంచి వేయాలి, ఎదురుగా చెయ్యి తెస్తే భయపడి గింజుకుంటారు. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. కాలర్‌తో అన్నం తినలేకపోతున్నాడని జాలిపడి తీసేయాలనిపిస్తుంది, తీయకండి, ఒక్క గోరు దెబ్బ చాలు. ఐదో రోజు మళ్లీ రంగు వేస్తే ఆ పచ్చ మరక సగమైంది, రెండు వారాలకి అసలు లేదు. మందులకి, కాలర్‌కి కలిపి నాకు 1,200 దాకా అయింది.

కుడి కంట్లో మచ్చ మిగిలిపోయింది. ఎడమ కంట్లో పుట్టుకతోనే శుక్లం ఉందట, ఆపరేషన్ చేసే చోట్లు తక్కువ, పెద్దయ్యాక ఆలోచిద్దాం అన్నారు, మేం చేయించలేదు. వాడికి వెలుతురు, నీడలు తెలుస్తాయి, అంతే. కానీ ఇంట్లో మంచం, కుర్చీలు జరపకుండా ఉంచాం, నీళ్ల గిన్నె ఎప్పుడూ ఒకే మూల, మెట్ల ముందు అడ్డంగా చెక్క పెట్టి దాని ముందు గోనె పట్టా పరిచాం, కాలికి గరుకు తగిలితే ఆగిపోవడం వారంలో నేర్చుకున్నాడు. ముట్టుకునే ముందు పేరు పిలుస్తాం, నిద్రలో ఉన్నప్పుడు అస్సలు చెయ్యి వేయం. మా నాన్న బండి శబ్దం వీధి చివర వినపడగానే గేటు దాకా తిన్నగా పరిగెత్తుతాడు, ఎక్కడా తగలడు.

మీ పిల్ల కన్ను మూసుకుని ఉన్నా, రుద్దుకుంటున్నా రేపటిదాకా ఆగకండి, ఇవాళే తీసుకెళ్లండి. ఇప్పటికే ఏవైనా చుక్కలు వేసి ఉంటే ఆ సీసా కూడా పట్టుకెళ్లండి, దాచొద్దు, మేడమ్ గారు అది చూశాకే మా వాడి సంగతి అర్థమైంది. రంగు పరీక్షలో ఏం తేలిందో ఇక్కడ రాయండి, చుక్కలు వేయడం కష్టమైతే ఎలా పట్టుకోవాలో ఇంకా వివరంగా చెప్తా.