పొగమంచు లేకపోయినా ఫాగ్ లైట్లు వేసుకుంటే తప్పేమిటి?

రోజూ రాత్రి ఫాగ్ లైట్లు వేసుకుంటే రోడ్డు ఇంకా బాగా కనిపిస్తుంది కదా, తప్పేమిటి అని అడిగారు. తప్పే. నాకది లంబసింగి దారిలో తెలిసివచ్చింది.

జనవరిలో ఒక తెల్లవారుజామున నర్సీపట్నం వైపు నుంచి ఘాట్ ఎక్కుతున్నాం. కొన్ని మలుపులు తిరిగేసరికి పొగమంచు కమ్మేసింది. దారి కనబడక హై బీమ్ వేశాను. ఎదురుగా తెల్లటి గోడ లేచింది, బానెట్ దాటి ఏమీ కనిపించలేదు. పొగమంచు అంటే గాలిలో తేలే సన్నని నీటి బిందువులే కదా, దూరానికి కొట్టిన వెలుతురంతా వాటి మీద పడి మన కళ్లలోకే తిరిగి వస్తుంది. డిమ్‌కు మార్చి, ముందు ఫాగ్ లైట్లు వేశాక రోడ్డు అంచున తెల్లగీత దొరికింది. దాన్నే పట్టుకుని 20 కిలోమీటర్ల వేగంతో పైకి చేరాం.

ఫాగ్ లైట్లను బంపర్‌లో అంత కింద బిగించేది ఇందుకే. వాటి వెలుతురు పైకి లేవదు, నేలబారుగా, వెడల్పుగా పరుచుకుంటుంది. దూరం చూపించడం వాటి పని కాదు. మంచు లేని రాత్రి వేస్తే కారు ముందున్న కాస్త మేర ధగధగలాడుతుంది, బాగా కనిపిస్తోందన్న నమ్మకం కలుగుతుంది. కానీ ఆ వెలుగుకు అలవాటుపడిన కన్ను దూరాన చీకట్లో ఆగి ఉన్న ట్రాక్టర్‌ను ఆలస్యంగా పసిగడుతుంది. వానకు తడిసిన రోడ్డయితే ఆ కాంతి నీళ్ల మీద మెరిసి ఎదుటివారి కళ్లలో పడుతుంది.

వెనక ఫాగ్ లైటు సంగతి ఇంకా ముఖ్యం. ఆ రోజు తిరిగి దిగేటప్పుడు పైన మంచు ఉందని దాన్ని వేశాను. సగం దూరం వచ్చేసరికి ఎండ కాసింది, ఆర్పడం మరిచిపోయాను. కింద టీ కొట్టు దగ్గర ఆగితే మా వెనకే వచ్చిన లారీ డ్రైవర్ దిగి వచ్చి, "బాబూ, ఆ ఎర్ర లైటు ఆర్పండి. మీరు బ్రేకు వేశారో లేదో తెలియక ఘాట్ పొడవునా నా కాలు బ్రేకు మీదే ఉంది" అన్నారు. కోపంగా అనలేదు, అలసిపోయి అన్నారు. సరుకుతో ఉన్న లారీని దింపుతున్న మనిషిని అంతసేపు అలా ఉంచినందుకు నాకు ఇప్పటికీ బాధే.

ఆ లైటు మామూలు టెయిల్ లైటు కంటే ఎన్నో రెట్లు ప్రకాశవంతం, ఇంచుమించు బ్రేకు లైటంత. అది వెలుగుతూ ఉంటే దాని పక్కన బ్రేకు లైటు కలిసిపోతుంది. జర్మనీలో 50 మీటర్ల లోపే కనిపించేంత దట్టమైన మంచులో తప్ప దాన్ని వేయకూడదు. బ్రిటన్‌లో కొలత సుమారు 100 మీటర్లు, మంచు తగ్గగానే ఆర్పేయాలి. మనమూ అదే పాటించవచ్చు.

మంచులో హజార్డ్ లైట్లు, అంటే నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి మినుకుమనేలా వేసుకుని నడపడం కూడా మానండి. ఇండికేటర్ వేసినా ఎటు తిరుగుతారో వెనకవారికి అర్థం కాదు. బండి ఆగిపోతేనే వాటి అవసరం.

బండి తీసే ముందు డ్యాష్‌బోర్డు ఒకసారి చూడండి. ముందు ఫాగ్ లైటు గుర్తు ఆకుపచ్చగా, కిరణాలు ఎడమకు ఉంటాయి. వెనకది పసుపు-నారింజ రంగులో, కిరణాలు కుడికి. మంచు లేని రాత్రి ఈ రెండూ వెలగకూడదు.