దేశ భద్రతలో సాఫ్ట్ పవర్ నిజంగా పనికొస్తుందా, లేక పరీక్ష పేపరుకే పరిమితమా?

ప్రశ్న: హనుమకొండలో గ్రూప్-1 మెయిన్స్‌కు చదువుతున్నాను. జాతీయ భద్రతా వ్యూహంలో సాఫ్ట్ పవర్ పాత్ర గురించి రాయమంటే యోగా, సినిమా, బుద్ధుడు దాటి పెన్ను కదలడం లేదు. సైన్యం మీద పడే బరువు దీనివల్ల ఏమైనా తగ్గుతుందా? మన వరంగల్, కరీంనగర్ వైపు నుంచి ఉదాహరణలు ఉంటే చెప్పండి.

జవాబు:

సాఫ్ట్ పవర్ శత్రువును ఆపదు. ఆపుతుందని రాస్తే మార్కులు పోతాయి, పోవాలి కూడా. అది పనిచేసేది మూడోవాడి దగ్గర. మన జనం ఎక్కడో యుద్ధంలో చిక్కుకున్నప్పుడు, మన ఓడకు రేవు కావాల్సినప్పుడు, ఐక్యరాజ్యసమితిలో ఓటు పడాల్సినప్పుడు, మన గొడవతో నేరుగా సంబంధం లేని దేశం ఒకటి సరే అనాలి. ఆ 'సరే' ఎంత త్వరగా వస్తుంది, దానికి మనం ఏమేం ఇచ్చుకోవాలి అన్నదే ఇక్కడ లెక్క.

పుస్తకాల్లో దీన్ని 'మృదుశక్తి' అంటారు. జోసెఫ్ నై 1990లో ఈ భావనను ప్రచారంలోకి తెచ్చాడు. సంస్కృతి, రాజకీయ విలువలు, విదేశాంగ విధానం అని మూడు ఊటలు చెప్పాడు. నన్నడిగితే దీనికి అసలైన తెలుగు మాట 'పరపతి'. ఊళ్లో సహకార పరపతి సంఘం ఎట్లా నడుస్తుందో చూడండి. ఏళ్ల తరబడి కిస్తీ తప్పకుండా కట్టిన రైతుకు వానకాలం మొదట్లో అడగ్గానే అప్పు పుడుతుంది. ఆ అప్పు విత్తనం కాదు, ఎరువు కాదు, పంట అంతకన్నా కాదు. కానీ అదునుకు విత్తనం పడేది దానివల్లే. ఒక్కసారి ఎగ్గొడితే పాత మంచిపేరంతా పక్కకు పోతుంది. నై చెప్పిన మూడింటిలో సంస్కృతి గురించి అందరూ పేజీలు నింపుతారు, విదేశాంగ విధానాన్ని ఒక్క వాక్యంతో దాటేస్తారు. భద్రత ముడిపడి ఉన్నది ఆ మూడోదానితోనే. అన్నమాట నిలబెట్టుకున్నామా, లేదా?

ఏ ఉదాహరణ తీసుకున్నా రాసే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. మనమంటే ఇష్టం ఎవరికి, అక్కడి జనానికా, సంతకం పెట్టేవాడికా? ఆ ఇష్టం వల్ల ఏ నిర్ణయం మారింది? ఆ నిర్ణయం మనకు ఏం తెచ్చింది, రేవా, గగనతలమా, సమాచారమా, ఓటా? మనమంటే ఇష్టం లేకపోయినా ఆ దేశం అదే పని చేసేదా? నాలుగోదానికి 'చేసేదే' అని జవాబు వస్తే, అక్కడ పనిచేసింది అవసరం. దాన్ని సాఫ్ట్ పవర్ ఖాతాలో రాయకండి.

ముందు మన రామప్పనే ఈ జల్లెడలో వేద్దాం. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన ఈ గుడిని యునెస్కో 2021 జూలై 25న ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ ఏడాది వారసత్వ కమిటీ సమావేశానికి ఆతిథ్య దేశం చైనా. ఫుజౌ వేదికగా ఆన్‌లైన్‌లో జరిగింది. అప్పటికి గల్వాన్ ఘర్షణ జరిగి ఏడాది దాటింది. సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు వీరమరణం ఇక్కడ ఎవరూ మరచిపోలేదు. గుడికి గుర్తింపు వచ్చింది, లద్దాఖ్‌లో మాత్రం రెండు సైన్యాలూ ఎదురెదురుగానే ఉన్నాయి. కాబట్టి రామప్ప గొప్ప సంస్కృతి ఉదాహరణ, భద్రత ఉదాహరణ కాదు. పర్యాటకం జవాబులో రాయండి.

(అదే రామప్ప దగ్గర 2025 మేలో మిస్ వరల్డ్ పోటీదారుల కాళ్లు స్థానిక మహిళలు కడిగిన వీడియో గుర్తుందా? చేసినవాళ్ల దృష్టిలో అది అతిథి మర్యాద. చూసినవాళ్లలో చాలామందికి మన ఆడవాళ్లను తక్కువ చేసినట్టు అనిపించింది. బయటివాళ్ల కోసం చేసే ప్రదర్శనను ఇంట్లోవాళ్లూ చూస్తుంటారు. ఈ సంగతి విదేశాంగ శాఖలు కూడా తరచూ మరచిపోతాయి.)

మన ప్రాంతానికి అసలైన ఉదాహరణ గల్ఫ్. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ వైపు గల్ఫ్‌కు పోయిన మనిషి లేని ఊరు అరుదు. అక్కడ యుద్ధం వస్తే మన ఊళ్లకు అది ఇంటి సమస్య. 1990లో కువైట్ మీద ఇరాక్ దాడి చేసినప్పుడు జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా 1.7 లక్షల మంది వరకు భారతీయులను విమానాల్లో తీసుకొచ్చారు. సద్దాంతోనూ మాట్లాడగలగాలి, జోర్డాన్‌తోనూ మాట్లాడగలగాలి. దానికి ధర కూడా కట్టాం. విదేశాంగ మంత్రి గుజ్రాల్ సద్దాంను ఆలింగనం చేసుకున్న ఫొటో కువైటీల మనసులో చాలాకాలం ముల్లులా ఉండిపోయింది.

2015 యెమెన్‌లో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. సౌదీ కూటమి మార్చి చివర్లో బాంబులు వేయడం మొదలుపెట్టింది, ఆకాశం వాళ్ల చేతిలో ఉంది. కింద సనా విమానాశ్రయం హూతీ తిరుగుబాటుదారుల చేతిలో ఉంది. ఎయిరిండియా విమానం దిగాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. రోజుకు కొన్ని గంటల వెసులుబాటు దొరికింది. ఆ సమయంలో జనాన్ని ఎక్కించుకుని ఎర్రసముద్రం అవతల జిబూతీకి చేర్చారు, అక్కడి నుంచి వాయుసేన సీ-17 విమానాలు తెచ్చాయి. ఏడెన్, హొదైదా రేవుల నుంచి నౌకాదళం తీసుకొచ్చింది. మొత్తం 4,600కు పైగా భారతీయులు, 40కి పైగా దేశాలవాళ్లు 900 మందికి పైగా బయటపడ్డారు.

నాలుగో ప్రశ్న వేయండి. సౌదీ ఎందుకు ఒప్పుకుంది? మనం చమురు కొంటాం, మన పనివాళ్లు వాళ్ల దేశాన్ని కడుతున్నారు, అది అవసరమే. కానీ హూతీలకు మనతో అట్లాంటి అవసరం లేదు. వాళ్లు అడ్డుపడకపోవడానికి కారణం, ఆ యుద్ధంలో మనం ఎవరి పక్షమూ కాదన్న నమ్మకం. ఈ నమ్మకాన్ని ఆపద రోజున కొనలేం, ముందే ఉండాలి. ఈ యెమెన్ తరలింపు, అంటే ఆపరేషన్ రాహత్ గురించి రాసేటప్పుడు ఓడల పేర్ల కన్నా ఈ సంగతికి ఎక్కువ చోటివ్వండి.

2025లో ఆపరేషన్ సిందూర్ తర్వాత 7 అఖిలపక్ష బృందాలను విదేశాలకు పంపడంలోనూ ఇదే తర్కం ఉంది. హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ ఉన్న బృందం సౌదీ, కువైట్, బహ్రెయిన్, అల్జీరియా తిరిగింది. ప్రభుత్వాన్ని రోజూ ఇంట్లో విమర్శించే ముస్లిం నాయకుడే బయట దేశం తరఫున మాట్లాడితే గల్ఫ్‌లో వినేవాడికి ఆ మాట బరువు వేరు. నై చెప్పిన 'రాజకీయ విలువలు' అంటే ఆచరణలో ఇట్లా ఉంటుంది.

ఇక చెడిపోయిన సందర్భాలు. నేర్చుకునేది ఎక్కువ ఇక్కడే.

నేపాల్‌లో 2015 ఏప్రిల్ 25న భూకంపం వచ్చింది. గంటల్లో మన విమానాలు దిగాయి. అదే ఏడాది సెప్టెంబరులో, నేపాల్ కొత్త రాజ్యాంగం మీద మన సరిహద్దు పక్కనున్న తరాయి మైదానాల్లో ఆందోళనల వేళ, సరిహద్దులో సరుకు లారీలు ఆగిపోయాయి. అది మా దిగ్బంధం కాదని ఢిల్లీ చెప్పింది. ఖాట్మండులో గ్యాస్ సిలిండర్ దొరకని ఇల్లాలికి ఆ వివరణ ఎక్కలేదు. 2016 మార్చిలో నేపాల్ చైనాతో రవాణా ఒప్పందం చేసుకుంది. భూకంప సాయంతో సంపాదించుకున్న పేరు 5 నెలలు కూడా నిలవలేదు.

టీకాల సంగతి ఇంకా సున్నితం. 2021 జనవరిలో పొరుగు దేశాలకు టీకాలు పంపడం మొదలుపెట్టాం, మంచి పేరే వచ్చింది. బంగ్లాదేశ్ 3 కోట్ల డోసులకు డబ్బు కట్టి ఒప్పందం చేసుకుంది. మన దగ్గర రెండో వేవ్ రాగానే ఎగుమతులు ఆగాయి. ఢాకాలో మొదటి డోసు వేసుకున్నవాళ్లకు రెండోది లేదు. ఆ ఖాళీలోకి చైనా టీకా వచ్చింది. ఇంట్లో జనం చనిపోతుంటే ఎగుమతి ఆపడం తప్పని నేను అనను. తప్పు ముందే జరిగింది. ఎంత మిగులుతుందో తేలకముందే మాట ఇవ్వడం, సరుకు పూర్తిగా చేరకముందే ప్రచారం చేసుకోవడం. ఉచితంగా ఇచ్చింది ఆగితే ఎదుటివాడు నిట్టూరుస్తాడు. డబ్బు తీసుకున్నది ఆగితే మోసపోయానంటాడు.

బియ్యం విషయంలోనూ ఇంతే, ఇది కరీంనగర్, పెద్దపల్లి మిల్లర్లకు బాగా తెలుసు. 2023 జూలైలో బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించింది, 2024 సెప్టెంబరులో ఎత్తేసింది. మధ్యలో కొన్ని దేశాలకు ప్రభుత్వం నుంచి ప్రభుత్వానికి కోటాలు ఇచ్చారు. నిషేధం కన్నా ఆ కోటాల జాబితానే ఆసక్తికరం. మాల్దీవుల్లో 'ఇండియా అవుట్' నినాదంతో నెగ్గిన ప్రభుత్వం 2024 మే 10లోగా మన సైనికులను పంపేయాలని గడువు పెట్టింది. ఆ గడువుకు నెల ముందు, ఏప్రిల్‌లో, మనం వాళ్లకు బియ్యం, గుడ్లు, ఉల్లి, చక్కెర కోటాలు పెంచాం. సైనికుల బదులు పౌర సాంకేతిక సిబ్బందిని పంపి, ఆ సైనికులు నడిపిన మన హెలికాప్టర్లు అక్కడే ఉంచాం. ఎదురుమాట అనకుండా ఓర్చుకోవడం కూడా విధానమే. 2025 జూలైలో మాల్దీవుల స్వాతంత్ర్య దినోత్సవానికి ముఖ్య అతిథి మన ప్రధానే.

పరపతి వెంటనే నగదుగా మారదు అనడానికి శ్రీలంకను చూపండి. 2022 సంక్షోభంలో దాదాపు 400 కోట్ల డాలర్ల సాయం చేశాం. అదే ఏడాది ఆగస్టులో, మనం వద్దన్నా, చైనా పరిశోధన నౌక యువాన్ వాంగ్ 5 హంబన్‌తోట రేవుకు వచ్చింది. అక్కడితో ఆపేస్తే సాయం వృథా అనిపిస్తుంది. ఇంకొంచెం ముందుకు వెళ్లండి. 2024 జనవరి నుంచి విదేశీ పరిశోధన నౌకల మీద శ్రీలంక ఏడాది నిషేధం పెట్టింది. 2024 ఫిబ్రవరిలో, ఇంకా ప్రతిపక్షంలో ఉన్న దిసనాయకెను ఢిల్లీ పిలిపించి మాట్లాడింది. ఆయన పార్టీ ఒకప్పుడు కరడుగట్టిన భారత వ్యతిరేకి. సెప్టెంబరులో ఆయనే అధ్యక్షుడయ్యాడు. 2025 ఏప్రిల్‌లో రక్షణ సహకార ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. ఢాకాలో మనం ఎక్కువగా ఒక్క గడపే, షేక్ హసీనా గడపే తొక్కాం. 2024 ఆగస్టులో ఆ గడప కూలినప్పుడు పక్క ఇంట్లో పలకరించేవాడు లేడు. పైగా వీసాలు తగ్గించేశాం. చికిత్సకు కోల్‌కతా, చెన్నై వచ్చే బంగ్లాదేశీ రోగులను తన కున్మింగ్ ఆసుపత్రులకు రమ్మని చైనా పిలిచింది. నాట్య బృందాన్ని పంపడం కన్నా వీసా కౌంటర్ సరిగ్గా నడపడం మేలన్నది నా అభిప్రాయం.

టర్కీని మాత్రం వైఫల్యంగా రాయకండి, అది సాఫ్ట్ పవర్‌కు ఉన్న హద్దు. 2023 ఫిబ్రవరి భూకంపానికి మన ఎన్‌డీఆర్‌ఎఫ్, సైనిక వైద్యులు వెళ్లారు. 2025 మేలో టర్కీ పాకిస్థాన్ పక్షాన నిలిచింది. జనం కృతజ్ఞత నిజమే, సంతకం పెట్టేవాడి లెక్కలు వేరు. మొదటి ప్రశ్న దగ్గరే జవాబు దొరుకుతుంది. శిక్షణ కార్యక్రమాలకూ ఇదే వర్తిస్తుంది. 1964 నుంచి ఐటెక్ కింద విదేశీ అధికారులకు శిక్షణ ఇస్తున్నాం, సైనిక అకాడమీల్లోనూ ఇస్తున్నాం. తాలిబన్ నాయకుడు స్తానిక్‌జాయ్ కూడా డెహ్రాడూన్‌లో చదివినవాడే. అకాడమీ పరిచయాన్నిస్తుంది. స్నేహానికి పూచీ పడదు.

పరాయి దేశం మన మీద ప్రయోగించిన సాఫ్ట్ పవర్ కావాలంటే ఓరుగల్లు దాటి వెతుక్కోనక్కర్లేదు. పెద్దవాళ్లను అడగండి. మాస్కోలో తెలుగులో అచ్చయి విశాలాంధ్ర దుకాణాల్లో చవగ్గా దొరికిన పుస్తకాలు, బడి పుస్తకాలకు అట్టలుగా వేసుకున్న 'సోవియట్ భూమి' పత్రిక కాగితాలు. 1971 ఆగస్టు 9న సోవియట్‌తో ఒప్పందం కుదిర్చింది అవసరమే. కానీ ఆ ఒప్పందాన్ని మన ఊళ్లలో ఎవరూ అనుమానంగా చూడకపోవడంలో ఆ కాగితాలకు వాటా ఉంది.

చివరగా, మన చేతిలో ఉన్నదేమిటి అంటే, అద్దె ఇల్లు. 2016లో ఢిల్లీలో ఒక కాంగో పౌరుడి హత్య, 2017లో గ్రేటర్ నోయిడాలో ఆఫ్రికా విద్యార్థుల మీద దాడులు జరిగినప్పుడు ఆఫ్రికా రాయబారులు బహిరంగంగా నిరసన తెలిపారు. ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికావి 54 ఓట్లు. 2017 నవంబరులో అంతర్జాతీయ న్యాయస్థానం పదవికి మన దల్వీర్ భండారీ ఐక్యరాజ్యసమితి సాధారణ సభలో భారీ మద్దతుతో ముందుండటం వల్లే బ్రిటన్ తన అభ్యర్థిని వెనక్కి తీసుకుంది. ఆ మద్దతు ఎక్కువగా ఇట్లాంటి దేశాల నుంచే వస్తుంది.

వరంగల్‌లో చదువుకోవడానికి వచ్చిన విదేశీ విద్యార్థికి ఇల్లు ఇవ్వడానికి చాలామంది 'పోలీసులతో తలనొప్పి' అని వెనకాడతారు. చేయాల్సింది తక్కువే. విద్యార్థి దిగిన 24 గంటల్లోపు ఇంటి యజమాని ఆన్‌లైన్‌లో వివరాలు ఎక్కించాలి, అందరూ దీన్ని సీ-ఫారం అంటారు. పాస్‌పోర్టు, వీసా నంబర్లు, దేశంలోకి వచ్చిన తేదీ, ఫొటో ఉంటే చాలు. 180 రోజులకు మించిన వీసా అయితే విద్యార్థి 14 రోజుల్లో విదేశీయుల నమోదుకు ఉన్న ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. ఇల్లు మారితే కొత్త యజమాని మళ్లీ ఎక్కించాలి. ఎక్కువగా తప్పేది ఇక్కడే. పాత చిరునామా అట్లాగే ఉండిపోయి, వీసా పొడిగింపు దగ్గర చిక్కు వస్తుంది.