కిలోమీటర్ల లెక్కన టోల్ వసూలు చేస్తే న్యాయమేనా? మన తిరుగుళ్ళన్నీ ప్రభుత్వానికి తెలిసిపోవా?

ప్రభుత్వం సంగతి తర్వాత. ముందు మా మావయ్య గారి సంగతి చెప్తాను.

మా కారు ఆయన పేరు మీద ఉంది. ఫాస్టాగూ ఆయనదే, దానికిచ్చిన ఫోన్ నంబరూ ఆయనదే. ఓ శనివారం ఆఫీసు పనుందని ఇంట్లో చెప్పి హైదరాబాద్ నుంచి విజయవాడ బయల్దేరాను. ఫ్రెండు తీసుకుంటున్న అప్పుకి హామీ సంతకం పెట్టాలి. "ఎవరికీ హామీ ఉండొద్దు అల్లుడుగారూ" అని మావయ్య గారు అంతకు నెల ముందే చెప్పి ఉన్నారు. పంతంగి టోల్ గేటు దాటాను. రెండోది కొర్లపహాడ్, అది దాటి పది నిమిషాలైందో లేదో గుంటూరు నుంచి మావయ్య గారి ఫోన్. "సూర్యాపేట దగ్గరకొచ్చినట్టున్నారు, ఎండగా ఉంది, ఏదైనా తిని బయల్దేరండి." అంతే, ఇంకో మాట లేదు. చిల్లకల్లు టోల్ దగ్గర గేటు లేస్తుంటే నా గుండె గుంటూరులో కొట్టుకుంది. ఆయన ఫోన్లో మూడో మెసేజ్ మోగుంటుంది: ప్లాజా పేరు, బండి నంబరు, టైముతో సహా.

మూడు గేట్లకే ఇలా ఉంటే, శాటిలైట్ పెట్టి అడుగడుగూ లెక్కేస్తే ఏం మిగుల్తుంది? 2024 సెప్టెంబర్‌లో రూల్స్ మార్చారు. బండిలో శాటిలైట్‌తో దూరం లెక్కేసే పరికరం ఉంటే రోజుకి ఒక్కో వైపు మొదటి 20 కిలోమీటర్లు ఫ్రీ అన్నారు. 2025 మే 1 నుంచి ఈ శాటిలైట్ టోల్ దేశమంతా వచ్చేస్తోందని వాట్సాప్‌లో ఊదరగొడితే, అలాంటి నిర్ణయమేమీ లేదని కేంద్రమే చెప్పాల్సొచ్చింది.

న్యాయం మాటకొస్తే, ఇప్పుడున్నది మాత్రం ఏం న్యాయం? చౌటుప్పల్ నుంచి చిట్యాల వెళ్ళేవాడు ఆ కాస్త దూరానికే పంతంగిలో మొత్తం టోల్ కడతాడు. నకిరేకల్ నుంచి చిట్యాల వచ్చేవాడికి దారిలో గేటే లేదు, పైసా కట్టక్కర్లేదు. కాబట్టి కిలోమీటర్ల లెక్క మంచిదే అంటాను. కానీ ముందు లైఫ్ ట్యాక్స్ సంగతి తేల్చండి. షెడ్డులో పడుకున్న కారుకీ, రోజూ తిరిగే కారుకీ ఒకటే బాదుడు. పెట్రోల్లో రోడ్ల సెస్సు వేరే ఉంది, అది కిలోమీటర్ల పన్ను కాక ఇంకేమిటి? 2025 ఆగస్టు 15న వచ్చిన 3,000 రూపాయల వార్షిక టోల్ పాస్ చూడండి, 200 ట్రిప్పులు. సొంత కార్లకే. పొద్దస్తమానం రోడ్డు మీదే బతికే ట్యాక్సీవాడికి లేదు. ఎవరికి అవసరమో వాళ్ళకి తప్ప అందరికీ ఇస్తారు.

మా తోడల్లుడు న్యూజిలాండ్‌లో, ఆక్లండ్‌లో ఉంటాడు, డీజిల్ బండి. అక్కడ వెయ్యి కిలోమీటర్ల చొప్పున ముందే కొనుక్కుని, ఆ చీటీ అద్దానికి అంటించుకుంటారు. మామూలు డీజిల్ కారుకి వెయ్యికి 76 న్యూజిలాండ్ డాలర్లు. 2024 ఏప్రిల్ నుంచి ఎలక్ట్రిక్ కార్లకీ అంతే. మీటర్లో ఎంత తిరిగిందో చూస్తారు, ఎక్కడ తిరిగావని అడగరు. జీపీఎస్సే కావాలని ఎవరన్నారసలు? బండి మీటరుంది కదా. మన దగ్గర మీటర్ వెనక్కి తిప్పేస్తారంటారేమో, సెకండ్ హ్యాండ్ కారు కొన్నప్పుడు నాకూ జరిగింది, నిజమే. అయినా దొంగల్ని పట్టుకోవడానికి అందరి వెనకా మనిషిని పెడతామా?

మా కాలనీలో ట్యాక్సీ నడిపే కుర్రాడి బాధ ఇంకో రకం. మెసేజ్‌లు ఓనర్‌కి పోతాయి. రెండు టోల్‌ల మధ్య అరగంట ఎక్కువైతే "ఎక్కడ ఆగావ్" అని ఫోన్. టీ తాగానని చెప్పుకోవాలి పాపం.

అన్నట్టు, ఆ సంతకం పెట్టలేదు. కనకదుర్గమ్మ దర్శనం చేసుకుని, లడ్డూ పట్టుకుని గుంటూరెళ్ళాను. మావయ్య గారు ప్రసాదం కళ్ళకద్దుకుని "మంచి పని చేశారు" అన్నారు. ఏ పనో చెప్పలేదు. ట్యాగ్‌లో నంబరు మార్పిద్దామంటే ఆర్సీ ఆయన పేరు మీదుంది, అడగాలంటే మొహం చెల్లదు. పోయిన వారం బ్యాలెన్స్ తగ్గిందని ఆయనే 500 వేశారు.