రైజెన్ 5 3600 నుంచి 9700ఎక్స్‌కు మారడం అవసరమా?

ఇప్పుడున్న ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 5 3600 తీసేసి రైజెన్ 7 9700ఎక్స్ కొనవచ్చా అని అడిగారు. గేములు, అప్పుడప్పుడు వీడియో ఎడిటింగ్ మీ పనులన్నారు. గ్రాఫిక్స్ కార్డు ఏదో చెప్పలేదు. సమాధానం సగం దాని మీదే ఆధారపడి ఉంది.

సమీక్షల్లో ప్రాసెసర్ల తేడా బయటపడాలని అత్యంత శక్తిమంతమైన కార్డు పెట్టి, 1080పి రిజల్యూషన్‌లో పరీక్షిస్తారు. పద్ధతి సరైనదే. కానీ మధ్యస్థాయి కార్డుతో, ఇంకా ఎక్కువ రిజల్యూషన్ అయిన 1440పిలో ఆడేవారికి ఆ గ్రాఫుల్లోని తేడా చాలావరకు కనిపించదు. 2024 ఆగస్టులో 9700ఎక్స్ వచ్చినప్పుడు, గేముల్లో ముందు తరం 7700ఎక్స్ కంటే పెద్దగా మెరుగు లేదని చాలామంది పెదవి విరిచారు. అది మీకు వర్తించదు. మీది 2019 నాటి చిప్, మీ లెక్క వేరు.

ముందు ఒక పరీక్ష చేయండి. మీరు ఎక్కువగా ఆడే గేమ్‌లో ఫ్రేమ్‌రేటు పరిమితి తీసేసి, రిజల్యూషన్ బాగా తగ్గించి చూడండి. ఫ్రేములు గణనీయంగా పెరిగితే ఇప్పటిదాకా ఆపుతున్నది గ్రాఫిక్స్ కార్డే. పెరగకపోతే ప్రాసెసర్ వంతు. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం 40 శాతమే ఉంది కాబట్టి ఖాళీగా ఉందనుకోవద్దు. 3600లో 12 థ్రెడ్లు, అంటే ఒకేసారి నడిచే పనుల వరుసలు, ఉంటాయి. గేమ్ ప్రధాన థ్రెడ్ ఒక్కటే ఊపిరాడక కొట్టుకుంటున్నా మొత్తం లెక్కలో అది 8 శాతంగానే కనిపిస్తుంది.

నేను 3600 తీసి, అదే బీ450 మదర్‌బోర్డులో 5800ఎక్స్3డి పెట్టుకున్నాను. కార్డు, ర్యామ్ పాతవే. వ్యూహాత్మక గేముల్లో, నగర నిర్మాణ గేముల్లో జనాభా పెరిగాక వచ్చే కుదుపులు దాదాపు పోయాయి. దృశ్యాల హంగు ఎక్కువున్న గేముల్లో మాత్రం తేడా వెతుక్కోవలసి వచ్చింది. కుదుపులు పోవడానికి కారణం క్యాష్, అంటే ప్రాసెసర్ లోపలే ఉండే వేగవంతమైన మెమరీ. 3600లో 32 ఎంబీ ఎల్3 క్యాష్ ఉన్నా, అది మూడేసి కోర్లకు 16 ఎంబీ చొప్పున రెండు ముక్కలు. 5800ఎక్స్3డిలో ఎనిమిది కోర్లకూ కలిపి 96 ఎంబీ.

9700ఎక్స్‌తో చిక్కు చిప్ కాదు, దాని వెంట వచ్చే పరివారం. అది ఏఎం5 సాకెట్‌ది (సాకెట్ అంటే బోర్డు మీద చిప్ కూర్చునే చోటు), అంటే మదర్‌బోర్డు మార్చాలి. మీ డీడీఆర్4 ర్యామ్ అందులో పట్టదు, డీడీఆర్5 కొనాలి. మూడూ కలిపి లెక్కేస్తే, అదే మొత్తం గ్రాఫిక్స్ కార్డు మీద పెడితే గేముల్లో ఎక్కువ లాభం ఉండే అవకాశం ఉంది. మీ బోర్డు బాగానే ఉంటే, పరీక్షలో ప్రాసెసరే అడ్డమని తేలితే, నా ఓటు మీ ఇప్పటి సాకెట్ ఏఎం4లోనే ఉండటానికి. 5700ఎక్స్3డి, 5800ఎక్స్3డి దొరికితే సరే, లేకపోతే మామూలు 5700ఎక్స్ కూడా మంచి మెరుగే.

రోజూ గంటల తరబడి ఎడిటింగ్ చేసేవారైతే నేను ఇలా చెప్పను, ఏఎం5కే వెళ్లమంటాను. అప్పుడప్పుడైతే ర్యామ్ 32 జీబీకి పెంచడమే ముందు.

ఏఎం4లోనే మారితే, పాత చిప్ బోర్డులో ఉండగానే బయోస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకోండి. తర్వాతైతే కొత్త చిప్‌ను బోర్డు గుర్తించకపోవచ్చు. 5800ఎక్స్3డి పెట్టెలో కూలర్ రాదు, బాగా వేడెక్కుతుంది కూడా. 3600తో వచ్చిన చిన్న కూలర్‌తో సరిపెట్టకండి.