పెళ్లయ్యాక హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్) టీకా వేయించుకుంటే ప్రయోజనం ఉంటుందా?

ఉంటుంది, కానీ కొంచెం తగ్గుతుంది. ఈ టీకా రాబోయే ఇన్ఫెక్షన్‌ను ఆపుతుందే తప్ప ఇప్పటికే ఒంట్లో ఉన్న వైరస్‌ను తీసేయలేదు. హెచ్‌పీవీ ఎక్కువగా లైంగిక సంబంధం వల్లే సోకుతుంది. అందుకే 9–14 ఏళ్ల వయసులోనే వేయించడం మేలు. ఆ వయసులో ఆరు నెలల తేడాతో రెండు డోసులు చాలు. రెండోది 5 నెలల లోపే వేసేస్తే మాత్రం మూడోది కూడా అవసరమవుతుంది. 15 దాటితే మూడు డోసులు: మొదటిది, రెండు నెలలకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి హెచ్‌పీవీలోని 16, 18 రకాలే కారణం. గార్డాసిల్, మన దేశంలో తయారయ్యే సెర్వావాక్ టీకాలు రెండూ వీటిని అడ్డుకుంటాయి. టీకాలో ఉండేది వైరస్ పైపెంకును పోలిన ప్రొటీన్ మాత్రమే, లోపల జన్యుపదార్థం ఉండదు. కాబట్టి దీనివల్ల హెచ్‌పీవీ సోకుతుందన్న భయం అక్కర్లేదు.

సూది భుజం కండరానికి వేస్తారు. కొందరు ఆడపిల్లలకు వెంటనే కళ్లు తిరుగుతాయి. కూర్చోబెట్టి వేయించి, పావుగంట అక్కడే ఉంచండి. గర్భిణులు కాన్పు అయ్యేదాకా ఆగాలి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి: టీకా అన్ని రకాలనూ ఆపదు. వేయించుకున్నా 30 ఏళ్లు దాటాక పాప్ స్మియర్ (గర్భాశయ ముఖద్వారం నుంచి తీసిన కణాల పరీక్ష) గానీ హెచ్‌పీవీ పరీక్ష గానీ మానొద్దు.