తుప్పు వేగం కొలిచేవాళ్లకి: టాఫెల్ చివర్లో పెట్టుకో

చి. మాధవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన టాఫెల్ గ్రాఫులు (పొటెన్షియల్‌ని దూరం లాగుతూ కరెంటు లాగరిథమ్ గీసినవి) చూశాను. ఒకే మైల్డ్ స్టీల్, అదే 3.5 శాతం ఉప్పునీరు, అయినా మూడు ముక్కలకి మూడు రకాల తుప్పు వేగాలు వచ్చాయంటే, పొటెన్షియల్ పెట్టి కరెంటు కొలిచే యంత్రం పొటెన్షియోస్టాట్‌ని తిట్టకు. ముందు ముక్కని చూడు.

వెనకవైపు రాగితీగ టంకం వేసి ఎపాక్సీలో పోతపోశావు కదా. ఎపాక్సీకీ ఇనుముకీ మధ్య వెంట్రుకంత సందు ఉన్నా ఉప్పునీరు అందులో దూరి లోపల తినేస్తుంది. ప్రయోగం అయ్యాక భూతద్దంతో అంచు చూడు. చుట్టూ తుప్పు గీత కనబడితే ఆ రీడింగు లెక్కలోకి రాదు. ఎమెరీ కాగితం 220తో మొదలుపెట్టి 600 దాకా తడిపి రుద్దు, కాగితం మార్చినప్పుడల్లా ముక్కని అడ్డం తిప్పు. అసిటోన్‌తో జిడ్డు తీసి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఆరబెట్టి, వెంటనే సెల్‌లో దించు. పొద్దున రుద్దిన ముక్క సాయంత్రానికి పనికిరాదు.

వైశాల్యం దగ్గర చాలామంది దెబ్బతింటారు. 1 సెం.మీ. వ్యాసం ఉన్న కడ్డీ ముఖం 0.785 చ.సెం.మీ. సాఫ్ట్‌వేర్‌లో 1 అని వదిలేస్తే తుప్పు వేగం ఐదో వంతుకి పైగా తగ్గి కనిపిస్తుంది.

ద్రావణానికి లీటరుకి 35 గ్రాముల లాబొరేటరీ ఉప్పు చాలు. వంటింటి ఉప్పు వద్దు, అందులో అయోడిన్ లవణమూ గడ్డకట్టకుండా కలిపేవీ ఉంటాయి. పొటెన్షియల్ కొలవడానికి ప్రమాణంగా పెట్టే కాలొమెల్ ఎలక్ట్రోడు కొనలో గాలిబుడగ ఉందేమో చూసుకో. దాన్ని ఉత్త నీళ్లలో ఎప్పుడూ దాచకు, పొటాషియం క్లోరైడ్ ద్రావణంలోనే ఉంచు. రెండు కాలొమెల్‌లని ఒకే ద్రావణంలో ముంచి మధ్య తేడా కొలువు. కొద్ది మిల్లీవోల్టులు దాటితే ఒకటి పాడైనట్టే.

ఇక వరస. ముక్క దించాక గంటసేపు కరెంటు ఏమీ పంపకుండా ఓపెన్ సర్క్యూట్ పొటెన్షియల్ గమనించు. గాలి తగిలే ఉప్పునీటిలో మైల్డ్ స్టీల్‌ది మెల్లగా జారి, కాలొమెల్‌తో పోలిస్తే సుమారు −650 నుంచి −700 మిల్లీవోల్టుల దగ్గర కుదురుకుంటుంది. కుదురుకోకముందే స్కాన్ మొదలుపెట్టడం వల్లే సగం గొడవలు.

కుదిరాక దానికి అటూ ఇటూ 10 మిల్లీవోల్టులు మాత్రమే, సెకనుకి 0.167 మిల్లీవోల్టుల వేగంతో నడుపు. కరెంటు సున్నా దాటే చోట గీత వాలు నుంచి పోలరైజేషన్ రెసిస్టెన్స్, అంటే తుప్పు కరెంటుకి ఉపరితలం ఇచ్చే నిరోధం, వస్తుంది. ఓమ్‌లలో వచ్చినదాన్ని వైశాల్యంతో గుణించాలి, భాగించకూడదు. 1957లో స్టెర్న్, గేరీ ఇచ్చిన సూత్రం ప్రకారం తుప్పు కరెంటు సాంద్రత అంటే, టాఫెల్ వాలుల నుంచి వచ్చే B అనే స్థిరాంకాన్ని ఈ రెసిస్టెన్స్‌తో భాగించగా వచ్చేది. B కి 26 మిల్లీవోల్టులు తీసుకుంటే, 2000 ఓమ్-చ.సెం.మీ.కి 13 మైక్రోఆంపియర్లు. ఇనుముకి చదరపు సెంటీమీటరుకి 1 మైక్రోఆంపియర్ అంటే ఏడాదికి 0.0116 మి.మీ. కనుక మొత్తం 0.15 మి.మీ.

తర్వాత ఇంపిడెన్స్, అంటే ఏసీ వోల్టేజీకి ఎదురయ్యే నిరోధం: 10 మిల్లీవోల్టులు, 100 కిలోహెర్ట్జ్ నుంచి 10 మిల్లీహెర్ట్జ్ దాకా. ద్రావణం నిరోధం విడిగా తెలిసేది ఇక్కడే. పై పద్ధతిలో వచ్చిన విలువలో అదీ కలిసే ఉంటుంది. ఉప్పునీటిలో కొద్ది ఓమ్‌లే కనుక ఫర్వాలేదు. కుళాయి నీళ్లలో, లేదా రెసిస్టెన్సే చాలా తక్కువగా ఉండే ఆమ్లంలో అది తీసేయకపోతే తుప్పు తక్కువగా లెక్క తేలుతుంది. ఇంపిడెన్స్ గ్రాఫులో వచ్చే అర్ధవృత్తం కిందికి నొక్కుకుపోయినట్టుంటే కంగారుపడకు, గరుకు ఉపరితలం అలాగే ఇస్తుంది. 50 హెర్ట్జ్ దగ్గర చుక్కలు చెదిరితే సెల్‌ని ఫారడే పంజరంలో (లోహపు పెట్టెలో) పెట్టి ఎర్త్ చెయ్యి.

టాఫెల్ అన్నిటికంటే చివర్లో. అటూ ఇటూ 250 మిల్లీవోల్టులు లాగాక ఆ ఉపరితలం మునుపటిది కాదు, మళ్లీ వాడకు. నీ గ్రాఫులో కాథోడిక్ (నెగటివ్) వైపు గీత దాదాపు నిలువుగా ఉంది చూడు: అక్కడ ఆక్సిజన్ ఎంత వేగంగా వచ్చి చేరితే అంతే కరెంటు. అది టాఫెల్ వాలు కాదు. సాఫ్ట్‌వేర్ మాత్రం దాని మీదా స్కేలు పెట్టి గీసేసింది. నీ మూడు విలువలూ చెదిరింది ఎక్కువగా అందుకే. ఇలాంటప్పుడు కాథోడిక్ వాలుని అనంతంగా తీసుకుంటే, B అంటే ఆనోడిక్ (పాజిటివ్ వైపు) వాలుని 2.303తో భాగించినది: వాలు డెకేడ్‌కి 60 మిల్లీవోల్టులైతే మళ్లీ 26 దగ్గరికే వస్తాం. బీకరుని కదిలించినా, కలియబెట్టినా ఈ కరెంటు మారిపోతుంది కనుక, ద్రావణం నిశ్చలంగా ఉందో లేదో నోట్‌బుక్‌లో రాయి.

నీ అనుమానం యంత్రం మీదే అయితే, 430 స్టెయిన్‌లెస్ స్టీల్‌ని 30 డిగ్రీల దగ్గర 1 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో నడిపి అమెరికా ప్రమాణాల సంస్థ ASTM వాళ్ల జి5 పద్ధతిలో అచ్చువేసిన వక్రంతో పోల్చు. సెల్‌నీ చేతినీ కూడా అదే పరీక్షిస్తుంది.

ఇంకొకటి. ఇవన్నీ ముక్కంతా సమానంగా తింటోందనుకుని చేసిన లెక్కలు. గుంటలు పడితే ఏడాదికి ఇన్ని మి.మీ. అని రాయకు, గుంట లోతు కొలిచి అదే రాయి. అదే ద్రావణంలో తూచిన మూడు ముక్కలని నెలరోజులు వేలాడదీయి. తీశాక ఆమ్లంతో తుప్పు వదిలించేటప్పుడు, తుప్పు పట్టని ముక్కని కూడా ఆ ఆమ్లంలోనే ముంచి అది కోల్పోయిన బరువు మినహాయించు. ఆ విలువకీ రెసిస్టెన్స్ విలువకీ రెండింతల లోపు తేడా ఉంటే పద్ధతి కుదిరినట్టే. కొత్త రీడింగులు వచ్చాక గ్రాఫులతో పాటు ముక్కల ఫొటోలు కూడా పంపు.

ఇట్లు,
మామయ్య