తెలుగు వ్యాసంలో వాక్యాలనూ పేరాలనూ కలపడం ఎలా?

మీ వ్యాసంలో ప్రతి పేరా విడిగా బాగానే ఉన్నా మొత్తం మీద అతుకుల బొంతలా ఉందని చదివినవారు అంటున్నారని, దానిని సరిచేయడానికి ఏ అనుసంధాన పదాలు వాడాలో చెప్పమని అడిగారు. పోటీ పరీక్షలకు సిద్ధమయ్యేవారి తెలుగు వ్యాసాలు దిద్దుతుంటాను కనుక నేను గమనించింది చెబుతాను. ‘అంతేకాకుండా’, ‘ఇకపోతే’, ‘అదేవిధంగా’ వంటి పదాలు చాలా వ్యాసాలలో ఉండవలసినదానికంటే ఎక్కువే ఉంటాయి.

తెలుగులో రెండు విషయాలకు గల సంబంధాన్ని చాలావరకు అసమాపక క్రియో (‘పూర్తయ్యాక’, ‘కట్టినా’ లాగా వాక్యాన్ని ముగించకుండా తరువాతి మాటకు కలిపే క్రియ), ‘పూర్తవడం వల్ల’ వంటి క్రియారూపమో చెప్పేస్తుంది. ఉదాహరణకు ‘ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది’, ‘గోదావరి డెల్టాలో వరి సాగు విస్తరించింది’ అనే వాక్యాలను తీసుకోండి. ‘పూర్తయ్యాక విస్తరించింది’ అంటే ఏది ముందో ఏది వెనుకో మాత్రమే తెలుస్తుంది. ‘పూర్తవడం వల్ల విస్తరించింది’ అంటే మీరు కారణాన్ని నిర్ధారిస్తున్నారు; తరువాతి వాక్యంలో కాలువల గురించో నీటి లభ్యత గురించో చెప్పి ఆ మాటను నిలబెట్టవలసి ఉంటుంది. ‘ఆనకట్ట కట్టినా వరద ముప్పు తొలగలేదు’ అన్నప్పుడు పాఠకుడు 1986 నాటి గోదావరి వరద వంటి నిదర్శనం కోసం ఎదురుచూస్తాడు.

విడి పదం నిజంగా అవసరమయ్యేది ఆలోచన మలుపు తిరిగేచోట. అక్కడ కూడా ‘కానీ’, ‘అయితే’ ఒకదాని బదులు మరొకటి వాడదగినవి కావని నా అభిప్రాయం: ‘కానీ’ ముందు చెప్పినదానికి నేరుగా అడ్డుపడుతుంది, ‘అయితే’ దానిని ఒప్పుకుంటూనే ఒక పరిమితి పెడుతుంది. ‘మరియు’ను మాత్రం దాదాపు ప్రతిసారీ కొట్టివేస్తాను; ‘కాలువలూ లాకులూ’ అంటే సరిపోయేచోట దానికి పనిలేదు.

ఇక పేరాల సంగతి. కిందటి పేరా ఏ విషయం దగ్గర ఆగిందో దానినే ‘ఈ’ అని చూపుతూ అందుకోవడం మేలు. కాలువల తవ్వకంతో ఒక పేరా ముగిసి, తరువాతిది ‘ఈ కాలువలే పడవల రవాణాకూ దారులయ్యాయి’ అని మొదలైతే మరే అతుకూ అక్కరలేదు. రెండు పేరాలను తారుమారు చేసినా వ్యాసంలో తేడా రాకపోతే, వాటి సంబంధాన్ని మీరింకా తేల్చుకోలేదన్నమాట. అప్పుడు పదం కోసం వెతకడం మాని, ఏది దేనికి కారణమో, ఏది దేనికి మినహాయింపో వేరే కాగితం మీద ఒక్క వాక్యంలో రాసుకోండి. అందులో వచ్చిన క్రియారూపాన్నే తరువాతి పేరా మొదటి వాక్యంలో వాడుకోవచ్చు.